పొట్ట మడతలో మూడు వయసులు

మడకశిర నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. షుగరు వచ్చిందని డాక్టరు హెచ్చరిస్తే, అన్నం తగ్గించి, పొద్దున్నే నడిచి, బాగా బరువు తగ్గారట. "అందరూ మెచ్చుకుంటాండారు గానీ పొట్ట కింద తోలు వేలాడతాంది. ఇది కొవ్వా సార్, వట్టి తోలా? ఎప్పటికి పోతుంది?" అని అడిగారు. జవాబు కోసం అణుబాంబుల దాకా పోవాలి. నేను సరదాకి అనడం లేదు.

ముందు, పోయిన కొవ్వు లెక్క త్వరగా తేల్చేద్దాం. అది వేడిగా మారిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాలో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ 150 మంది డాక్టర్లను, ఆహార నిపుణులను, వ్యాయామ శిక్షకులను అడిగితే వాళ్లలోనూ ఎక్కువమంది అదే చెప్పారు. తప్పు. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. 2014లో వాళ్లు వేసి చూపిన లెక్క ఇది.

కొవ్వు రూపంలోని ఆ నూనె సరే, దాన్ని దాచుకున్న కణం ఏమైంది? 1960ల నుంచి న్యూయార్క్‌లో జూల్స్ హిర్ష్ బృందం కొవ్వు కణాలను లెక్కపెడుతూ వచ్చింది. మనిషి చిక్కితే కణం చిన్నదవుతుంది, కణాల సంఖ్య తగ్గదు అని తేల్చింది. దాంతో చాలామంది ఇంకో అడుగు ముందుకేశారు. చిన్నప్పుడు పుట్టిన కణాలే మనిషి చచ్చేదాకా ఉంటాయన్నారు. బతికున్న మనిషి ఒంట్లో కణానికి వయసు కట్టే మార్గం అప్పట్లో లేదు మరి.

ఆ మార్గం ఆకాశంలో అప్పటికే తయారై ఉంది. గాలిలోని కార్బన్‌లో కార్బన్-14 అనే రకం లక్ష కోట్ల పరమాణువులకు ఒకటి చొప్పున ఉంటుంది. 1955 నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు ఆరుబయట పేల్చిన అణుబాంబులు దాన్ని దాదాపు రెట్టింపు చేశాయి. 1963 ఒప్పందంతో ఆ పేలుళ్లు చాలావరకు ఆగాయి. తర్వాత సముద్రాలూ చెట్లూ పీల్చుకోవడంతో ఏటేటా ఆ మోతాదు తగ్గుతూ వచ్చింది. ఏ ఏడు గాలిలో ఎంత ఉందో పక్కాగా లెక్కలున్నాయి. మడకశిర చేలో శెనక్కాయ చెట్టు ఆ ఏటి గాలినే పీల్చి కాయ కాస్తుంది. రాగి కంకీ అంతే. అవి తిన్న మనిషి ఒంట్లో ఆ ఏడు ఒక కణం పుడితే, దాని డీఎన్‌ఏలో ఆ ఏటి మోతాదే ఉండిపోతుంది. కణం చచ్చేదాకా మారదు.

స్టాక్‌హోమ్‌లో కిర్‌స్టీ స్పాల్డింగ్, జొనాస్ ఫ్రిసెన్ బృందం దీన్నే పట్టుకుంది. 1955కు ముందు పుట్టినవాళ్ల కొవ్వు కణాల్లోనూ బాంబుల కార్బన్ కనిపించింది. అంటే ఆ కణాలు పెద్దయ్యాక పుట్టినవే! 2008లో వెలువడిన ఫలితం ఇది: ఏటా దాదాపు పదో వంతు కణాలు చస్తాయి, అన్నే కొత్తవి పుడతాయి. బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో రెండేళ్ల తర్వాత కూడా కణాల సంఖ్య తగ్గలేదు, సైజే తగ్గింది. ఖాళీ అయిన నూనె డబ్బాలు కొట్లోనే ఉన్నాయన్నమాట. 2011లో అదే ఊరి పరిశోధకులు కణంలోని నూనెకూ వయసు కట్టారు. సగటున ఏడాదిన్నర పైచిలుకు. కణం పదేళ్లు బతికితే, ఆ లోపల నూనె ఆరుసార్లు మారుతుంది.

ఇక మూడో వయసు. సాగిన చర్మాన్ని వెనక్కి లాగేది ఎలాస్టిన్ అనే ప్రోటీన్ పోగులు. 1991లో అమెరికా శాస్త్రవేత్తలు ఊపిరితిత్తుల్లోని ఎలాస్టిన్‌లో బాంబుల కార్బన్ కోసం వెతికారు. పెద్దవాళ్లలో దాదాపు లేదు. అందులో చేరిన కార్బన్ సగటున 74 ఏళ్లు ఉండిపోతుందని తేలింది! మనిషికి ఎలాస్టిన్ ముఖ్యంగా తల్లి కడుపులో ఉన్నప్పుడు, చిన్నతనంలో తయారవుతుంది. పెద్దయ్యాక కొత్తది పుట్టడం బహు తక్కువ. పక్కనే ఉండే కొల్లాజెన్ మారుతుంది గానీ, చర్మంలో అది సగం మారడానికే 15 ఏళ్లు పడుతుంది.

ఇలా మూడు వయసులు కలిసి ఒకే మడతలో ఉన్నాయి. నూనె నెలల్లో పోగలదు. కణం పోతే దాని చోట ఇంకోటి వస్తుంది. ఎలాస్టిన్ తెగితే తెగిందే.

అమ్మా, మీ మడతను రెండు వేళ్లతో పట్టి చూడండి. దళసరిగా తగిలితే లోపల కొవ్వు ఇంకా ఉంది, బరువు తగ్గితే అదీ తగ్గుతుంది. పల్చగా జారితే ఎక్కువ భాగం తోలే. వయసు తక్కువై, ఒళ్లు సాగి ఉన్న ఏళ్లు కొద్దివైతే కొంత దగ్గరికి వస్తుంది. మరీ ఎక్కువగా మిగిలితే కత్తిరించి కుట్టే ఆపరేషన్ ఒకటే దారి. మచ్చ మాత్రం పొట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. క్రీములు, బెల్టులు అమ్మేవాళ్లు మీ గుమ్మం దాకా వస్తే ఒకటే అడగండి: పుట్టకముందు మొదలై చిన్నతనంతో ముగిసిన పనిని, మీ డబ్బా ఎలా మళ్లీ మొదలుపెడుతుంది?