పది నయాపైసల తూకం

రెండేళ్ళ కిందట షికాగో నుంచి నా ఇంజనీరింగు రోజుల మిత్రుడు ఫోన్ చేసి, తన బేస్‌మెంటులో పాత స్లాట్ మెషీన్ ఒకటి విప్పి బాగుచేస్తున్నానని చెప్పాడు. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో పాతికేళ్ళు దాటిన యంత్రాన్ని సరదాకి ఇంట్లో ఉంచుకోవచ్చునట. "నువ్వూ మెకానికల్ వాడివేగా, నువ్వూ ఒకటి పట్టు" అన్నాడు. నేనుండేది అల్ హైల్‌లో. మస్కట్ నుంచి సీబ్ వైపు వెళ్ళే దారిలో, సముద్రానికి దగ్గరగా ఉన్న పేట మాది. ఒమాన్‌లో జూదం నేరం. "అలాంటి పెట్టె మా ఇంట్లో కనిపిస్తే ముందు నాకు రిపేరు చేస్తారు" అని నవ్వి ఊరుకున్నాను.

కానీ పురుగు కుట్టనే కుట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మత్రాలో తెలిసిన ఒక కచ్ఛీ వ్యాపారి తన పాత గోదాము ఖాళీ చేస్తూ, "ఒక ఇనుప దెయ్యం ఉంది, తీసుకుపోతావా?" అని అడిగారు. వెళ్ళి చూస్తే, నాణెం వేసి బరువు చూసుకునే తూకం యంత్రం! మన రైల్వే స్టేషన్లలో రంగు దీపాలతో, గిర్రున తిరిగే చక్రంతో, జాతకం రాసిన టిక్కెట్టు ఇచ్చేవి ఉండేవి చూడండి, వాటికి ఇది పేద చుట్టం. దీపాల్లేవు, టిక్కెట్టు లేదు. పోత ఇనుప స్తంభం, పైన గుండ్రటి డయలు, నిలబడడానికి కింద పలక, అంతే. నలుగురం కలిసి పికప్‌లోకి ఎక్కించాం. మా ఆవిడ కార్‌పోర్చిలో దాన్ని చూసి, "ఏవండీ, ఇది లోపలికి మాత్రం రాదు" అంది.

దాని వయసు ఎంతో ఎక్కడా రాసి లేదు. డయలు మీద అంకెలు కిలోల్లో ఉన్నాయి. నాణెం వేసే కంత పక్కన ఇత్తడి బిళ్ళ మీద పది నయాపైసలని చెక్కి ఉంది. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. కిలోల తూకాలు 1958 చివరినుంచి విడతలుగా అమలయ్యాయి. 'నయా' అన్న మాటని 1964 జూన్‌లో తీసేశారు. కాబట్టి ఇది ఆ ఆరేళ్ళలో ఎప్పుడో తయారైనదని అనుకున్నాను.

మా మిత్రుడి యంత్రమూ నాదీ ఒక తల్లి బిడ్డలే. ఆ తల్లి చాలా పాతది. మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకి చెందిన హీరో అనే ఆయన, గుడిలో నాణెం వేస్తే కాసిని పవిత్రజలం పోసే పెట్టెని వర్ణించాడు. నాణెం మీట చివరనున్న పళ్ళెంలో పడుతుంది, ఆ బరువుకి మీట వంగి మూత తెరుచుకుంటుంది, నాణెం జారిపోగానే మూత పడుతుంది. 1890ల చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే జర్మన్ వలసదారు చేసిన మూడు చక్రాల 'లిబర్టీ బెల్' కూడా నాణెం దగ్గర ఇంతే. నాణెం పడితేనే పిడికి తాళం వీడుతుంది. పిడి లాగితే స్ప్రింగు బిగిసి చక్రాలు తిరుగుతాయి. చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగాక, వాటి పక్కనున్న పళ్ళేల్లోని చిల్లుల లోతుని సన్నటి వేళ్ళలాంటి మీటలు తడిమి చూస్తాయి. చిల్లులు కుదిరితే డబ్బు రాలుతుంది.

నా యంత్రంలో నాణెం పడితే ముల్లుకి తాళం వీడుతుంది. మనిషి బరువుని పలక కింది మీటలు తగ్గించి ఒక కడ్డీ ద్వారా పైకి పంపుతాయి. కడ్డీ స్ప్రింగుని లాగుతుంది. దానితోపాటు కదిలే పళ్ళపట్టీ చిన్న పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, దానికే ముల్లు బిగించి ఉంటుంది. ముల్లు ఊగిసలాడకుండా, నూనె పోసిన చిన్న గొట్టంలో ఒక పిస్టను ఉంటుంది. మిత్రుడికీ నాకూ ఎదురైన మొదటి జబ్బు ఒకటే: గ్రీజు ఎండి మైనంలా గట్టిపడిపోవడం. అరవై ఏళ్ళ యంత్రాల్లో విరిగినవాటికంటే బిగుసుకుపోయినవే ఎక్కువ. అందుకని ఎవరైనా ఇలాంటిది విప్పితే మొదట సుత్తి జోలికి వెళ్ళకండి. కిరోసిన్ గానీ డీజిల్ గానీ పట్టించి రెండు రోజులు వదిలేయండి. విప్పే ప్రతి దశలోనూ ఫోటో తీసుకోండి. పాత రంగులో సీసం ఉండొచ్చు కనుక పొడిగా గీకకూడదు. తడిపి, మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి గీకాలి.

ఇత్తడి భాగాలకి మా అమ్మ పద్ధతే వాడాను, చింతపండూ ఉప్పూ. తర్వాత బాగా కడిగి ఆరబెట్టాలి. ఉక్కు భాగాలకి మాత్రం చింతపండు తగలనివ్వకండి. మా సముద్రపు గాలికి అవి ముందే తుప్పుకి సిద్ధంగా ఉంటాయి. నాణెం జారే దారికి నూనె పెట్టకూడదు, దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

నేను చేసిన తప్పులు రెండు. డయలుని థిన్నరుతో తుడిచాను, 70 అంకె సగం పోయింది. రెండోది పెద్దది. పలక కింద మీటలు ఆనే చోట గట్టిపరిచిన ఉక్కు కత్తి అంచులుంటాయి. తూకం ప్రాణమంతా వాటిలోనే ఉంది. తుప్పు పట్టాయని ఎమిరీ పేపర్‌తో శుభ్రంగా, ఎంతో ప్రేమగా రుద్దాను. అంచులు గుండ్రబడ్డాయి. బిగించి చూస్తే పలక మధ్యలో నిలబడితే 71 కిలోలు, కుడి మూలకి జరిగితే 73! మీట ఆనే చోటు కొద్దిగా జరిగినా లెక్క మారిపోతుందని చదువుకున్నవాణ్ణే. చివరికి వాదీ కబీర్‌లో ఒక వర్క్‌షాపులో కొత్త అంచులు చేయించి, గట్టిపరిపించి, సాన పట్టించాను. ఆ తర్వాత నాలుగు మూలలా ఒకే బరువు చూపించింది.

అసలు చిక్కు నాణెం దగ్గర వచ్చింది. 1957 నాటి పది నయాపైసల నాణెం అంచులు వంకీలు తిరిగి ఉంటుంది, 23 మిల్లీమీటర్లు, 5 గ్రాములు. (చిత్రమేమంటే ఫే యంత్రం మింగిన అమెరికన్ నికెల్ కూడా సరిగ్గా 5 గ్రాములే.) 1971లో మనవాళ్ళు పది పైసలని అల్యూమినియంతో చేశారు. వెడల్పు 26కి పెరిగింది, బరువు 2.3 గ్రాములకి పడిపోయింది. అంటే అది ఈ కంతలో దూరదు, దూరినా మీటని వంచలేదు. యంత్రం చెడకపోయినా, దానికి తిండి పోయింది.

మత్రా సూక్‌లో పాత నాణేల దుకాణాలున్నాయి. ఒకప్పుడు ఇక్కడ చెల్లింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. మిగతా దేశాలు 1966 కల్లా మానేసినా ఒమాన్ మాత్రం 1970 దాకా వాటితోనే నడిచింది. 'బైసా' అన్నమాట కూడా మన పైసానే. కానీ నాకు కావలసిన నాణేలు అక్కడ మూడే దొరికాయి.

"కంతని కాస్త రాస్తే 50 బైసల నాణెం పడుతుంది కదా" అన్నాడు వర్క్‌షాపు మనిషి. అది 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరే! రాయడానికి ఆకురాయి చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ కత్తి అంచుల అనుభవం గుర్తొచ్చి ఆగాను. తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం. ఇంట్లో చిల్లర డబ్బా వెతికితే 10 బైసల రాగిరంగు నాణెం దొరికింది, 22.5 మిల్లీమీటర్లు, దాదాపు 4 గ్రాములు. కంతలో పట్టింది! అయితే సగం దారిలో ఆగిపోయింది. ఇనుప బిళ్ళలు వేసి మోసం చేసేవాళ్ళ కోసం లోపల చిన్న అయస్కాంతం పెట్టారు. కొత్త 10 బైసలు పైకి రాగిరంగే గానీ లోపల ఉక్కు. ఆ అయస్కాంతాన్ని విప్పి, ఒక కవరులో వేసి స్తంభం లోపలే వేలాడదీశాను. మీటకి అటు చివరనున్న ఎదురుబరువు మర మీద జరుగుతుంది. దాన్ని నాలుగు చుట్లు లోపలికి తిప్పేసరికి 4 గ్రాములకే మీట వంగింది. ఎన్ని చుట్లో కవరు మీద రాశాను. రేపు ఎవరైనా మళ్ళీ నయాపైసలకి మార్చుకోవాలంటే పావుగంట పని.

ఆ డిసెంబరులో అమ్మ సామర్లకోట నుంచి వచ్చింది. చూడగానే గుర్తుపట్టి, "ఒరే, మా రోజుల్లో దీంట్లో సినిమావాళ్ళ బొమ్మ కూడా వచ్చేదిరా" అని మనవరాలి చేత నాణెం వేయించుకుని ఎక్కింది. 44 చూపించింది.

"నీ మిషను తప్పురా. పోయినేడు ఆస్పత్రిలో 52 ఉన్నాను."

"అవునమ్మా, ఇంకా పూర్తిగా కుదర్లేదు" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. అలాగే అయితే బాగుండునని కూడా అనుకున్నాను. ఇంట్లో ఉన్న డిజిటల్ తూకానికి బ్యాటరీ పోయి ఆరు నెలలైంది, కొనాలన్న ధ్యాసే లేదు.

రాత్రి అందరూ పడుకున్నాక కార్‌పోర్చిలో పరీక్ష పెట్టాను. సీలు విప్పని 20 కిలోల బియ్యం బస్తాలు రెండు, పక్కింటివాళ్ళవి. ఒకటి పెడితే 20, రెండు పెడితే 40, సంచుల బరువు వల్ల ఒక వెంట్రుకవాసి పైన. నాలుగు మూలలా జరిపి చూశాను, అంతే. వేడికి స్ప్రింగు కాస్త మెత్తబడి బరువు ఎక్కువ చూపించే మాట నిజమే. ఇరవై డిగ్రీల తేడాకి అరవై కిలోల మనిషి పావుకిలో పైచిలుకు లావెక్కుతాడు. అదీ ఎక్కువ చూపించడమే గానీ తక్కువ కాదు. పైగా అది డిసెంబరు రాత్రి. ఎనిమిది కిలోలు ఎటూ పోవు.

పొద్దున్నే అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. షుగరు బాగా ఎక్కువగా ఉంది. దాహం, నీరసం ఎన్నాళ్ళుగానో ఉన్నాయట. "ఎండలకనుకున్నాన్రా, ఫోన్లో చెబితే మీరు కంగారు పడతారని" అంది. మందులు మొదలయ్యాయి. ప్రతి శుక్రవారం పొద్దున కాఫీకి ముందు మా అమ్మాయి డబ్బాలోంచి నాణెం తీసివ్వడం, అమ్మ ఎక్కడం, అంకె క్యాలెండరు మీద రాయడం అలవాటైంది. మార్చిలో తిరుగు ప్రయాణం నాటికి 47 దగ్గర ఉంది.

డయలు మీద 70 అంకె అలాగే సగం ఉంది. అక్కడ ఆగేది నా ముల్లొక్కటే కనుక తొందరేమీ లేదు.