రామదాసు గొంతు ఎవలిది?

పోయిన శ్రీరామనవమికి మా ఊరి రామాలయం కాడ పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టిన్రు. పొద్దుగాల నుంచి ‘శ్రీరామదాసు’ సినిమా పాటలే మోగుతున్నయి. మాపటిజాముకు మా తాత, ఆయన భజన జట్టోళ్లు చిడుతలు, తాళాలు, హార్మోనియం పట్టుకొని వచ్చి పందిట్ల కూసున్నరు. తాత ఒక రామదాసు కీర్తన ఎత్తుకున్నడో లేదో, పక్కన నిలబడ్డ పిలగాడు ఒకడు "తాతా, ట్యూను తప్పు పాడుతున్నవ్, సినిమాల గట్ల లేదు" అన్నడు. తాత నవ్వి ఊకున్నడు. నాకు మాత్రం నవ్వు రాలే. ఆ పిలగాని వయసుల నేను గూడ గదే మాట అనేటోన్ని. నాకు రామదాసు అంటే నాగార్జుననే. మా తాతకు రామదాసు అంటే నాగయ్య. ఇద్దరం ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నం అనుకుంటం గానీ, నిజానికి రెండు సినిమాల గురించి మాట్లాడుతున్నం.

అందుకే ఈసారి రెండు సినిమాలు మళ్ల కూసోని చూసిన.

ముందుగాల అసలు మనిషి ఎవరో చెప్పుకుందాం. కంచర్ల గోపన్న ఖమ్మం దిక్కు నేలకొండపల్లిల పుట్టిండు. 17వ శతాబ్దం మనిషి. గోల్కొండ తానీషా కాడ మంత్రులుగా ఉన్న అక్కన్న, మాదన్న ఆయనకు మేనమామలు. వాళ్ల మాట సాయంతోని పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయిండు. వసూలు చేసిన శిస్తు పైసలతోని భద్రాచలంల రామునికి గుడి కట్టిండు, సొమ్ములు చేయించిండు. సర్కారు లెక్క అడిగింది. లెక్క తేలలే. పన్నెండేండ్లు గోల్కొండ ఖిల్లల బందీఖానాల పడ్డడు. రామలక్ష్మణులు మారువేషంల వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించిన్రని కథ. ఆ కథను నమ్ముతరో లేదో మీ ఇష్టం. పాటలైతే మన కండ్ల ముందటనే ఉన్నయి, మా తాత నోట్ల ఉన్నయి.

ఆయన మొఖం ఎట్లుంటదో మనకెవ్వలికీ తెల్వదు. గొంతు ఎట్లుంటదో అంతకన్నా తెల్వదు. ఇగ ఇక్కడనే సినిమాకు బలం దొరికింది. తెలుగు మాటల సినిమా మొదలైన కొత్తలనే, 1933ల, రామదాసును తెర మీదికి తెచ్చిన్రు. అటెన్క 1964ల చిత్తూరు నాగయ్య ‘భక్త రామదాసు’ వచ్చింది. 2006ల రాఘవేంద్రరావు తీసిన ‘శ్రీరామదాసు’ వచ్చింది. ఖాళీ జాగల ఎవలి బొమ్మ పడితే వాళ్లదే అయింది.

నాగయ్య సంగతి చెప్పాలంటే ఆయన గొంతు సంగతి చెప్పాలె. ఇప్పటి సినిమాల పాట ఎట్ల తీస్తరో మీకు తెల్సిందే. పాట ముందుగాల రికార్డింగ్ థియేటర్ల ఒక గాయకుడు పాడుతడు. షూటింగ్ కాడ ఆ పాట స్పీకర్ల పెడితే నటుడు దానికి పెదవులు కలుపుతడు. ఎంత గొప్ప నటుడైనా ఒక్క తాన దొరికిపోతడు. పెదవులు కదులుతయి గానీ, పాడేటోనికి గొంతు కాడ ఉబ్బే నరం, పొట్టల నుంచి లేచే ఊపిరి, పై స్థాయికి పోయే ముందు మెడ కొంచెం లేపుకునే అలవాటు, ఇవి రావు. నాగయ్యకు ఈ తిప్పలు లేదు. ఆయన సంగీతం నేర్సుకున్న మనిషి, తన పాట తనే పాడుకునే నటుడు. 1946ల ‘త్యాగయ్య’ సినిమా తనే తీసి, తనే సంగీతం కూర్చి, తనే త్యాగరాజు వేసిండు. మల్ల అదే మనిషి పద్దెనిమిదేండ్లకు రామదాసు అయిండు. ఈ రెండిట్ల ఒక లంకె ఉన్నది. తిరువయ్యారుల ఉన్న త్యాగరాజు తన కీర్తనల్ల మన రామదాసును తల్సుకున్నడు. రామున్ని నమ్ముకొని జైలుపాలైన భక్తుడని ఆయనకు ఎరుకే.

త్యాగరాజును ఇంకొకాయన గూడ వేసిండు. 1981ల బాపు తీసిన ‘త్యాగయ్య’ల జె.వి. సోమయాజులు. ఆయనకు బాలసుబ్రహ్మణ్యం పాడిండు. సోమయాజులు నిలబడితేనే గంభీరం, చూపు తిప్పితేనే గౌరవం. కానీ అప్పటికే ‘శంకరాభరణం’ వచ్చి ఊరూరా ఆడింది. నాకైతే ఆ త్యాగయ్యల శంకరశాస్త్రే కనపడ్డడు. సంగీతం చెప్పే గురువు కనపడ్డడు గానీ, వీధుల్ల బిచ్చమెత్తుకుంట పాడుకునే మనిషి కనపడలే. నాగయ్య త్యాగయ్యల ఆ బిచ్చపు చెంబు కనపడ్తది.

మళ్ల రామదాసు కాడికి వద్దాం. 1964 నాటికి నాగయ్యకు అరవై ఏండ్లు. ఇది సినిమాకు నష్టమూ, లాభమూ. తహసీల్దారు గోపన్న వయసుల ఉన్నోడు. గుర్రం మీద తిరిగి పన్ను వసూలు చేసేటోడు, గుడి కట్టాలనే పంతం పట్టినోడు. అరవై ఏండ్ల నాగయ్య ఆ కచేరిల కూసుంటే, పదవి దిగిపోయే ముందటి అధికారి లెక్క ఉంటడు. జైలుకు పోయినంక మాత్రం మాట మారింది. ఆ ముసలి గొంతుల ఒక వణుకు ఉన్నది. అక్కడక్కడ ఊపిరి ఆగుతది. సంగీతం పంతులు వింటే దాన్ని లోపం అనొచ్చు. చీకట్ల పన్నెండేండ్లు ఉన్నోని గొంతు మరి ఎట్లుంటది?

నేను గోల్కొండల ఆ బందీఖానా చూసిన. మందపు గోడలు, లోపల చీకటి. పైన ఉన్న సందుల నుంచి పడే వెలుగే దిక్కు. గోడ మీద రాముని బొమ్మలు, ఆంజనేయుని బొమ్మ. రామదాసే చెక్కిండని చెప్తరు. ఆడ నిలబడి మెల్లగ ఒక మాట అన్నా అది గోడకు తగిలి తిరిగొస్తది. ఆ అర్రల నిలబడ్డప్పుడు నాకు యాదికొచ్చింది సినిమా స్టీరియో పాట కాదు, నాగయ్య వణుకు గొంతే.

అట్లని నాగార్జునను తక్కువ చేస్తలేను. ఆ సినిమా వచ్చిన నాటికి ఆయనకు నలభై ఆరేండ్లు. వయసు గోపన్నకు సరిపోయింది. తొమ్మిదేండ్ల ముందట, 1997ల, అదే దర్శకునితోని ‘అన్నమయ్య’ చేసి మెప్పించి ఉన్నడు. నిజం చెప్పాలంటే అదే ఆయనకు అడ్డం గూడ పడ్డది. అన్నమయ్యది ప్రేమ. దేవునితోని సరసం, లాలి, మురిపెం. రామదాసుది కొట్లాట. నీ కోసం ఇన్ని చేసిన, నువ్వు నన్ను ఇట్ల చేస్తవా అని అడిగే కోపం. స్నేహతోని డ్యూయెట్లు ఉన్న మొదటి సగంల నాగార్జున మల్ల అన్నమయ్య తొవ్వనే పట్టిండు. గడ్డం అదే, తన్మయంగ కండ్లు మూసుకునుడు అదే.

జైలుల సీన్లు వచ్చినంక ఆయన వేరే మనిషి అయిండు. రామునికి ఏమేం సొమ్ములు చేయించిండో ఒక్కొక్కటి లెక్క చెప్పుకుంట, ఇంత ఖర్చు పెట్టి చేయిస్తే ఎవలి అబ్బ సొత్తని కులుకుతున్నవని రామున్నే నిలదీసే కీర్తన ఒకటి ఉన్నది. ఆ లెక్క మొత్తం చెప్పి, తిట్టి, మళ్ల దెబ్బలకు తాళలేక తిట్టిన, ఏమనుకోకు అని కాళ్లు పట్టుకుంటడు. ఆ పాటల బాలసుబ్రహ్మణ్యం గొంతుల కోపం ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైతదో నాగార్జున మొఖంల కనపడ్తది. గొంతు ఒకరిది, మొఖం ఒకరిది అని ఆ నాలుగు నిమిషాలు మర్చిపోయిన. నాగయ్య రామున్ని అడిగితే బతిమాలినట్టే ఉంటది. ఆయన మొఖంల కోపం నిలువదు, మెత్తటి మనిషి. ఈ ఒక్క తాన నా ఓటు నాగార్జునకే.

రెండు సినిమాలల్ల కబీరు ఉంటడు. 1964ల గుమ్మడి వేసిండు, ఆయనకు మహమ్మద్ రఫీ పాడిండు. 2006ల అక్కినేని నాగేశ్వర్రావు వేసిండు. చూడనీకి మస్తుంటది గానీ లెక్కల కలువదు. కబీరు గోపన్నకు నూటయాభై ఏండ్లకు పైన ముందటి మనిషి. జనం కథల ఇద్దరు కలిసిన్రు, సినిమా జనం కథనే పట్టుకున్నది. నాకు దాని మీద కోపం లేదు. గోల్కొండ రాజ్యంల హిందువులు, ముసల్మాన్లు కలిసి బతికిన యాది ఆ కథల ఉన్నది.

నా కోపం వేరే దాని మీద. నేలకొండపల్లిల పుట్టి, పాల్వంచల కొలువు చేసి, గోల్కొండల జైలుల పడ్డ మనిషి తెర మీద మాట్లాడితే ఒక్క ముక్క మన దిక్కు మాట వినపడదు. నాగయ్య నోట గ్రాంథికం కలిసిన మాట. నాగార్జున నోట పుస్తకాల భాష. నిన్నమొన్నటి దాక మన యాస సినిమాల రౌడీలకు, నవ్వించేటోళ్లకే ఇచ్చిన్రు, భక్తునికి ఇయ్యలే. మూడువందల ఏండ్ల కింద గోపన్న ఇప్పటి మన యాసనే మాట్లాడిండని నేను అంటలేను. కానీ ఆయన కీర్తనలు చూడున్రి. పండితులను మెప్పించే మాటలు తక్కువ, ఇంట్ల కొట్లాటల వాడే మాటలు ఎక్కువ. పైసల లెక్క, నిష్ఠూరం, అలుక, వదినకు మరిదిని గురించి చెప్పినట్టు సీతమ్మకు చెప్పుకునుడు. మా తాత జట్టుల ఒక్కనికీ రాగం పేరు తెల్వదు, పాటలు మాత్రం అరవై దాకా నోటికొస్తయి. మాటలు వాళ్లవి లెక్కనే ఉన్నయి కాబట్టి అవి వాళ్ల నోట్లె నిలబడ్డయి.

ట్యూను తప్పు అన్న పిలగానికి చెప్పాల్సింది గూడ ఇక్కడనే ఉన్నది. రామదాసు ఏ వరుసల పాడిండో రికార్డు లేదు. మనం రేడియోల వినే వరుసలు చానా మటుకు బాలమురళీకృష్ణ గొంతుతోని పేరుకొచ్చినయి. సినిమా వరుసలు కీరవాణి కూర్చినయి. భజన జట్ల వరుసలు ఊరికొక తీరు, తాత నుంచి మనుమనికి వచ్చినయి. మూడిట్ల ఏది అసలుదో తేల్చేటోడు లేడు. కాకపోతే మొదటి రెండు ఫోన్ల దొరుకుతయి. మూడోది పాడెటోడు పోతే పోయినట్టే. మా తాత జట్టుల పదకొండు మంది ఉండేటోళ్లు. ఇప్పుడు నలుగురు.

నవమి ఎల్లిన మూడు దినాలకు తాతను పక్కన కూసోబెట్టుకొని ఫోన్ల నాగార్జున జైలు పాట పెట్టిన. చెవి దగ్గరికి పెట్టుకొని మొత్తం విన్నడు.

"పిలగాడు మంచిగనే ఏడ్సిండు" అన్నడు.

"మరి తిట్టుడు?"

"తిట్టుడంటే గట్ల కాదురా," అని చిడుతలు అందుకొని అదే పాట ఎత్తుకున్నడు. సొమ్ముల లెక్క వచ్చే కాడ ఆయన గొంతు పాట లెక్క లేదు. బాకీ ఎగ్గొట్టిన ఆసామి ఇంటి ముందట నిలబడి మాట్లాడుతున్నట్టుంది. నేను ఫోను రికార్డింగ్ల పెట్టిన.