‘ఐ’ ఒక్కటే, పనులు రెండు

గిది ఇంగ్లీష్ గ్రామర్ ముచ్చట. గ్రామర్‌తోని మాకేం పని అని పక్కకు వెట్టకుండ్రి. దీని ఎన్క మూడెకరాల చెల్క ఉన్నది.

ఇరవై ఏండ్ల కింద మా నల్లగొండ జిల్లాల ఒక కాల్వ తవ్వకంల మా పెద్దబాపు చెల్క వోయింది. పరిహారం పైసలిచ్చే దినం ఆయన ముంగట ఒక ఇంగ్లీష్ కాయితం వెట్టిన్రు. మా వాడకట్టుల ఇంగ్లీష్ కూడబలుక్కొని సదివేటోన్ని నేనొక్కన్నే. పదో తరగతి కాంగనే బడి బంజేసి, పాత పేపర్లు, డిక్షనరీ ముంగటేస్కొని నేర్సుకున్న ఇంగ్లీష్ అది. ‘ఏం రాసిన్రో సూడు బిడ్డా’ అన్నడు పెద్దబాపు. సూసిన. మొదాల ‘ఐ హావ్ రిసీవ్డ్’ అని ఉన్నది. దాని తర్వాత సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు, పైసల లెక్క, రెండు మూడు లైన్లు. ఆ లెక్కలన్ని అయినంక ‘అండ్ షల్ నాట్ క్లెయిమ్ ఆర్ సీక్’ అని ఇంకో ముక్క. ‘పైసలు ముట్టినయని రాసిన్రు, వెట్టు పెద్దబాపు’ అన్న. ఆయన ఏలిముద్ర వెట్టిండు.

ఆ కింది ముక్క నేను సదువలేదని కాదు. సదివిన. అడిగేది లేదు అని ఏదో ఉన్నది, అది ఆఫీసోళ్ల సంగతేమో అనుకున్న. ఎందుకంటే దాని ముంగట ‘ఐ’ లేదు. ఎవలు అడుగరో ఆడ రాసి లేదు.

తెలుగుల మనిషి క్రియ తోకల ఉంటడు. ‘పోయిన’ అంటే నేను. ‘పోయినవ్’ అంటే నువ్వు. ‘పోయిండు’ అంటే వాడు, ‘పోయింది’ అంటే ఆమె, ‘పోయిన్రు’ అంటే వాళ్లు. నేను, నువ్వు అని ముంగట చెప్పకున్నా ముచ్చట ఆగది. ‘ఇంకేం అడుగను’ అని తెలుగుల రాస్తే, సివరనున్న ‘ను’ అనే ఒక్క అచ్చరమే చెప్తది, అడుగనిది నేనేనని. ఆ కాయితం తెలుగుల ఉండి, నేను సదివి వినిపిస్తే మా పెద్దబాపు ఆడనే ఆపేటోడు. ‘నేనెందుకు అడుగను?’ అనేటోడు.

ఇంగ్లీష్ క్రియకు ఆ తోక లేదు. ఉత్త ‘వెంట్’ అంటే నేను పోయిన్నో, నువ్వు పోయినవో, వాళ్లు పోయిన్రో తెల్వది. అందుకే వాక్యం మొదాల ఐ, యూ, హి, షి, దే అని సర్వనామం రావాలె. కానీ ఒకసారి వచ్చినంక, ‘అండ్’ వెట్టి రెండో క్రియ తగిలిస్తే మళ్ల సర్వనామం రాసే అక్కెర లేదు. ‘ఐ కేమ్ అండ్ శాట్.’ వచ్చింది నేనే, కూసున్నది నేనే. మొదటి ‘ఐ’ రెండు క్రియలనూ పట్టుకొని ఉంటది. ఆ రెండు క్రియల నడుమ ఒక్క మాట ఉన్నా అంతే, నాలుగు లైన్లున్నా అంతే. నేను తప్పింది గీడనే.

సర్వనామం ఒక్కటే కాదు, దాని పక్కనున్న సహాయక క్రియ కూడ రెండోదానికి వర్తిస్తది. ‘ఐ హావ్ రెడ్ అండ్ అండర్‌స్టుడ్’ అంటే సదివిన, అర్థం చేస్కున్న అని. ‘హావ్’ ఒక్కసారే రాసినా రెండింటికి అదే. లోను కాయితాల మీద, దవాఖాన్ల ఆపరేషన్‌కు ముంగట తీస్కునే కాయితాల మీద గిసొంటి మాట కనవడ్తది. మనం సదివింది లేదు, సమజైంది అంతకన్నా లేదు. ఒక్క దస్కతుతోని రెండు అబద్ధాలు ఆడినట్టయితది.

‘నాట్’ సంగతి ఇంకా జర పైలంగ సూడాలె. ‘షల్ నాట్ క్లెయిమ్ ఆర్ సీక్’ అన్నకాడ ‘నాట్’ ఒక్కటే ఉన్నది. కానీ ‘ఆర్’ అవుతల ఉన్న ‘సీక్’కు కూడ అది తాకుతది. క్లెయిమ్ చెయ్యను, ఇంకేం కోరను అని. ‘ఆర్’ అంటే ‘లేదా’ అని నేర్సుకున్నోళ్లం కాబట్టి, రెండిట్ల ఒకటన్నా చెయ్యొచ్చు అనుకుంటం. కాదు. గిసొంటి కాయితంల ‘నాట్’ తర్వాత ‘ఆర్’ వస్తే రెండు తలుపులు బందైనట్టే.

ఇగ మన భాష ఎట్ల నడుస్తదో సూడుండ్రి. ‘పొద్దుగాల లేసి, మొకం కడుక్కొని, చాయ్ తాగి చెల్కకు పోయిన.’ లేసి, కడుక్కొని, తాగి అనేటియి ఏటికీ తోక లేదు. బరువంత సివరి ‘పోయిన’ మీదనే. దీన్ని వ్యాకరణంల క్త్వార్థకం అంటరు, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంల కూడ గీ పేరున్నది. ‘సదివి దస్కతు వెట్టిన’ అంటే ముందుగాల సదువుడు, తర్వాత దస్కతు. వరుస ఆ ‘సదివి’ అనే మాటలనే ఉన్నది. ‘అండ్’ ఆ వరుసకు పూచీ వడది. ‘హి సింగ్స్ అండ్ డాన్సెస్’ అంటే ముందు పాట, తర్వాత ఆట అని కాదు.

గీ తేడా తెల్వకనే పొల్లగాండ్లు తన్నులాడుతున్నరు. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీష్ మీడియం మొదలువెట్టిన్రు. దేవరకొండ దిక్కైనా, కల్వకుర్తి దిక్కైనా పొల్లలు ‘షి గోస్ టు ద ఫీల్డ్ అండ్ వర్క్’ అని రాస్తరు. దాని మీద ఎర్రగీత వడ్తది. పొల్లలు మొద్దులు కారు. ఇంటి భాషల ఒక్క క్రియకే తోక ఉంటది కాబట్టి ఒక్కదానికే ‘ఎస్’ వెట్టిన్రు. ఇంగ్లీష్ల ‘అండ్’కు రెండు దిక్కులున్న క్రియలు ఒక్క కాడి కింది జోడెద్దులు. ‘గోస్’ అంటే ‘వర్క్స్’ అనాలె. ‘కెన్’ వచ్చి ముంగట నిలవడ్తే రెండింటికీ ‘ఎస్’ ఉండది: ‘షి కెన్ రీడ్ అండ్ రైట్.’ ఇంటి మాటకాడికెల్లి మొదలువెట్టి చెప్తే ఇది పది నిమిషాల ముచ్చట. తిట్టి చెప్తే పదేండ్లకు కూడ ఎక్కది.

మా పెద్దబాపు కాయితానికి మళ్ల వస్త. అప్పుడున్న 1894 భూసేకరణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, నిరసనతోని తీస్కుంటున్న అని చెప్పకుండ పైసలు తీస్కున్నోళ్లకు, పరిహారం పెంచుమని 18వ సెక్షన్ కింద కోర్టుకు పంపించుకునే హక్కు లేదు. తర్వాత వచ్చిన 2013 చట్టంల 77, 64 సెక్షన్లల్ల కూడ గదే మాట ఉన్నది. మా ఊర్ల ‘అండర్ ప్రొటెస్ట్’ అనే రెండు మాటలు రాయించుకున్నోళ్లకు కోర్టుల రేటు పెరిగింది. మా పెద్దబాపు కాయితంల ఆ రెండు మాటలు లేవు. పైకెల్లి ‘షల్ నాట్’ ఉన్నది. వకీలు ఆ లైను మీద ఏలువెట్టి సూపెట్టినంకనే ఆ ‘ఐ’ ఎంత దూరం వచ్చిందో నాకు సమజైంది.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కింద, డిండి ఎత్తిపోతల కింద భూములు వోయినోళ్లు మన దిక్కు ఊర్లకు ఊర్లున్నరు. వాళ్ల ఇండ్లల్ల ఇంగ్లీష్ మీడియం పొల్లలు కూడ ఉన్నరు. ఆ పొల్లలకు నేను చెప్పేది ఒక్కటే. పెద్దమనిషి కాయితం ఇచ్చి సదువుమంటే పెన్సిలు వట్టుకోండ్రి. ప్రతి ‘అండ్’, ప్రతి ‘ఆర్’ కాడ ఆగుండ్రి. దాని అవుతల క్రియ ఉంటే, వాక్యం మొదాలున్న సర్వనామాన్ని తెచ్చి దాని ముంగట వెట్టి సదువుండ్రి. ‘ఐ హావ్ రిసీవ్డ్. ఐ షల్ నాట్ క్లెయిమ్. ఐ షల్ నాట్ సీక్.’ ఒక్కొక్కదాన్ని తెలుగుల తోకతోని చెప్పుండ్రి: ముట్టినయ్, అడుగను, కోరను. అన్నిటికి పెద్దమనిషి ‘ఔ’ అంటెనే ఏలిముద్ర.

సర్కారుకు చెప్పేది కూడ ఉన్నది. తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966ల వచ్చింది. రైతుతోని దస్కతు తీస్కునే కాయితం రైతుకు సమజయ్యే మాటల ఉండాలె. ‘అడుగను’ అనే మాట ఇంగ్లీష్ల దాసిపెట్టి ఏలిముద్ర తీస్కునుడు ఒప్పుకోలు కాదు.

మా పెద్దబాపు ఇప్పుడు లేడు. నన్ను ఒక్క మాట అనలే. ‘సదివినవ్ కద బిడ్డా’ అన్నడు, గంతే. ఔ, సదివిన. సగమే సదివిన.