అత్తమ్మ పాటలో ఆ మోత ఎక్కడిది?

ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టి పాట రికార్డు చేస్తే వెనకాల 'గుయ్' మని మోత రావడం మీలో ఎంతమందికి అనుభవం? "పాడు మిషను" అని విసుక్కుని ఊరుకుంటాం కదూ! నేనూ అలాగే ఊరుకునేదాన్ని, అత్తమ్మ పాట కాకపోయి ఉంటే.

మాది గాంధారి. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. మా అత్తమ్మకు డెబ్బై ఆరేళ్లు. బతుకమ్మ పాటలు ఎన్ని వచ్చో ఆవిడకే తెలియదు. పుస్తకం చూసి నేర్చినవి కావు, నాట్లేస్తూ, పూలు పేరుస్తూ వాళ్లమ్మ నోట విన్నవి. ఈమధ్య నడుమ నడుమ చరణాలు మరిచిపోతోంది. మస్కట్‌లో ఉన్న మా మరిది ఫోన్ చేసి, "వదినా, అమ్మ పాటలు రికార్డు చేసి పంపవా" అన్నాడు.

మా అమ్మాయి చదువుకి కొన్న ల్యాప్‌టాప్ ఉండనే ఉంది. బ్యాటరీ పాతది, ఇరవై నిమిషాలు కూడా ఆగదు. అందుకని చార్జర్ పెట్టి, అత్తమ్మ కొంగుకి చిన్న మైకు గుచ్చి, నాలుగు సాయంత్రాలు పాడించాను. ఎంత మురిసిపోయానో! పంపిన మర్నాడే మరిది ఫోను: "వదినా, అమ్మ గొంతుకంటే తుమ్మెదల మోతే ఎక్కువున్నది."

విని చూస్తే నిజమే. నా ప్రాణం ఉసూరుమంది.

చార్జర్ తీసి చూశాను. మోత మాయం! పెడితే మళ్లీ మొదలు. ఇంకో వింత ఏమిటంటే, ల్యాప్‌టాప్ ఇనుప మూత మీద అరచెయ్యి ఆనిస్తే మోత తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. చెప్పులు విడిచి ముట్టుకుంటే వేళ్లకి సన్నగా జివ్వుమంటోంది. మా వీధిలో కరెంటు పనిచేసే తమ్ముణ్ని పిలిచాను. అతను మీటరు తెచ్చి ప్లగ్గులు చూసి, "అక్కా, మీ ఇంటికి ఎర్తే లేదు" అన్నాడు.

అతను చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకి 50 సార్లు ఊగుతుంది. చార్జర్ దాన్ని వేల సార్లు ఆపి, వదిలి, ల్యాప్‌టాప్‌కి సరిపడేలా తగ్గిస్తుంది. ఆ పనిలో పుట్టే రొద చిన్న కెపాసిటర్ల గుండా మూడో పిన్నులోంచి భూమిలోకి పోవాలి. ఎర్తు తెగితే దారేది? ల్యాప్‌టాప్ ఒంటినిండా పాకి, మైకు తీగలో దూరుతుంది. కరెంటు చాలా కొంచెమే కనుక జివ్వుమని ఊరుకుంటుంది. కానీ అదే ఎర్తు తీగమీద ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, గీజరు కూడా ఉన్నాయి. వాటిలో ఏ తీగ ఒరిసిపోయి ఇనుప ఒంటికి తగిలినా, ఎర్తు లేని ఇంట్లో ఎం.సి.బి. పడదు. తడికాళ్లతో ముట్టుకున్నవాళ్ల గతి చెప్పనక్కర్లేదు.

గుమ్మంలో కూర్చుని అంతా వింటున్న అత్తమ్మ అందుకుంది. "ఫ్రిజ్ ముడితే జుమ్మంటాందని నేను ఎండకాలం నుంచి మొత్తుకుంటలేనా? తిమ్మిర్లంటిరి, ముసలితనమంటిరి."

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, అన్నాం. డాక్టరుకి చూపించి బలం మాత్రలు కూడా తెచ్చాం! ఇంట్లో మాకు చెప్పులు అలవాటు. వట్టికాళ్లతో, తడిచేతులతో తిరిగేది ఆవిడ ఒక్కతే. ఆమె నోటితో చెబితే నమ్మని మేము, మిషను చెబితే నమ్మాం.

బయట గోడపక్కన ఎర్తు గుంత తవ్విస్తే పైపు దగ్గర తీగ తుప్పుపట్టి తెగి ఉంది. ఇల్లు కట్టాక ఆ గుంతలో ఎవరం చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. కొత్త పైపు దింపి, బొగ్గు, ఉప్పు నింపి, నీళ్లు పోయించాం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా బిగించాడు. కరెంటు దారి తప్పితే కన్నుమూసి తెరిచేలోగా అదే ఆపేస్తుందట. మైకులో మోత పోయింది. ఫ్రిజ్జు జుమ్మనడమూ పోయింది.

అందరం కలిసి విందామని ల్యాప్‌టాప్‌ని పక్కగది ప్లగ్గులో ఉన్న సౌండుబాక్సుకి కలిపితే ఈసారి 'హుమ్' మని లావు మోత! ఇది వేరే రకం. రెండూ వేర్వేరు ప్లగ్గుల్లోంచి ఎర్తుకి పోతున్నాయి, మధ్యలో పాట తీగ వాటిని కలిపి ఉంగరంలా చుట్టేసింది. "మూడో పిన్ను ఊడపీకితే సరి" అన్నాడు చుట్టాలబ్బాయి. మోత ఆగుతుంది నిజమే, దాంతోపాటు ప్రాణానికున్న కాపలా కూడా పోతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలామటుకు తగ్గింది. మిగిలిన కాస్తా 'గ్రౌండ్ లూప్ ఐసొలేటర్' పెడితే పోయింది. కొన్ని వందల రూపాయల చిన్న డబ్బా అది.

మీ ఇంట్లో ఇలా చూసుకోండి:

* ముందు చార్జర్ తీసి వినండి. మోత ఆగితే అది కరెంటు దారిన వచ్చిందే.
* చార్జర్ కంపెనీదే వాడండి. చౌకరకం వాటిలో వడపోత సరిగా ఉండదు.
* మైకు తీగని కరెంటు తీగల పక్కనే పరవకండి. యు.ఎస్.బి. మైకు అయితే రొద తక్కువ. వినడానికి బ్లూటూత్ వాడితే తీగ గొడవే లేదు.
* ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు చూపించండి. ఎండాకాలంలో ఎర్తు గుంతలో నీళ్లు పోయండి.
* మూడో పిన్ను మాత్రం తీయకండి, విరవకండి.

అత్తమ్మ చేత మళ్లీ అన్నీ పాడించాను. ఒక్క పాట మాత్రం రెండోసారి ఎంతకీ గుర్తు రాలేదు. మోతతో ఉన్న పాత రికార్డే దానికి గతి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, అత్తమ్మ పాడకుండా ఆగిన రెండు క్షణాల మోతని ఎంచి చూపిస్తే, పాటంతటా అలాంటి మోతని తగ్గించింది. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ, పాట దక్కింది.

మరిదికి అదే ముందు పంపాను. ఇప్పుడు అత్తమ్మ "ఏందో జుమ్మంటాంది" అంటే చాలు, ఇంటిల్లిపాదీ లేచి నిలబడుతున్నాం.