బడి గోడ మీద లెక్క

చదువు కోసం ఎంత ఇచ్చామన్నది ఒక లెక్క. అందులో బడికి ఎంత చేరిందన్నది మరో లెక్క. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉండగలదో తూర్పు ఆఫ్రికా దేశమైన ఉగాండా అనుభవం మనకు చెబుతుంది.

1990ల తొలి ఏళ్లలో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక విద్యకు కేటాయింపులు పెంచింది. అయినా లెక్కల్లో విద్యార్థుల సంఖ్య పెద్దగా పెరగలేదు. కారణం తెలుసుకోవడానికి 1996లో 250 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పద్దులు పరిశీలించారు. జీతాలు కాక, పుస్తకాలు, సామగ్రి వంటి వాటికి ఒక్కో విద్యార్థికి ఇంతని ఇచ్చే గ్రాంటులో, 1991–95 మధ్య బడులకు చేరింది సగటున 13 శాతమే! సగానికి పైగా బడులకు ఏమీ అందలేదు. చాలా సొమ్ము జిల్లా స్థాయిలోనే ఆగి, వేరే ఖర్చులకు, స్వప్రయోజనాలకు పోయింది. కలిగినవారి పిల్లలు చదివే బడులు గట్టిగా అడిగి కొంత రాబట్టుకున్నాయి. పేదల బడులకు దక్కింది మరీ తక్కువ.

ఆ తర్వాత ప్రభుత్వం జిల్లాలకు నెలనెలా విడుదల చేసే మొత్తాలను పత్రికల్లో ప్రకటించింది. అందిన సొమ్ము వివరాలను ప్రతి బడీ అందరికీ కనిపించేలా అంటించాలని ఆదేశించింది. 2001 నాటికి బడికి చేరే వాటా 80 శాతం దాటింది. పర్యవేక్షణలో వచ్చిన ఇతర మార్పులూ తోడ్పడ్డాయి. అయితే పత్రికలు అమ్మే చోటికి దగ్గరగా ఉన్న బడుల్లో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు తమ హక్కు తెలియడమే అందుకు కారణం.

సొమ్ము చేరితే సరిపోదు. 1997లో ఉచిత ప్రాథమిక విద్య మొదలవగానే పిల్లలు వెల్లువలా వచ్చారు. గదులు, ఉపాధ్యాయులు చాలలేదు. కాబట్టి ఎంత చేరిందన్న ప్రశ్న వెంటే పిల్లలకు చదువు వచ్చిందా అని కూడా అడగాలి.

జకాత్ అయినా, సదఖా అయినా మన చేతిలో ఉన్నంతసేపూ అది అమానత్. హక్కుదారుకు చేరినప్పుడే ఆ బాధ్యత తీరుతుంది. అందుకే దాతలు లెక్క అడగడాన్ని మేము అనుమానంగా భావించం. అది మాకు సాయమే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. గోడ మీద ఉండవలసింది బడికి అందిన మొత్తం, సాయం పొందిన బిడ్డ పేరు కాదు. లెక్క బహిరంగంగా ఉండాలి, పేదవాడి గౌరవం మాత్రం గుప్తంగానే నిలవాలి. అల్లాహ్ మన అందరి దానాలనూ స్వీకరించుగాక, ఆమీన్.