మాంసం మానితే.. పళ్లెంలో ఏముండాలి?

రెంటచింతల: కార్తీక మాసంలో శివాలయానికి వెళ్లే కుటుంబాలు, తపస్సు కాలంలో చర్చికి వెళ్లే కుటుంబాలు పక్కపక్కనే నివసించే ఊరు రెంటచింతల. విభూది బుధవారం నాడు, తపస్సు కాలపు శుక్రవారాల్లో మాంసం ముట్టకపోవడం కథోలికుల నియమం. కొన్ని ఇళ్లలో ఆ నలభై రోజులూ మాంసం వండరు. కార్తీకంలో నెలంతా నీచు మానేవారూ ఎక్కువే. వీరికి తోడు రక్తపోటు, మధుమేహం కారణంగా వైద్యుల సలహాపై మాంసాన్ని శాశ్వతంగా వదిలేస్తున్నవారి సంఖ్య కూడా పెరుగుతోంది. మానడం వరకు అందరికీ తెలిసిందే. మానిన మాంసం స్థానంలో ఏం తినాలన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న పల్నాడులో మరింత కీలకం. కార్తీకం వచ్చేసరికి పత్తి తీతలు మొదలవుతాయి. తపస్సు కాలంలో మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతుంటాయి. అంటే ఒంటికి శ్రమ ఎక్కువగా ఉండే రోజుల్లోనే పళ్లెంలోంచి మాంసం తొలగిపోతోంది. ఆ ఖాళీని పచ్చడి మెతుకులతోనో, బంగాళాదుంప వేపుడుతోనో నింపితే కడుపు నిండుతుంది కానీ ఒంటికి బలం చేకూరదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న మహిళల్లో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. మండుటెండలో కోతకు వెళ్లే మహిళ ఏం తింటోందన్నది అందువల్ల చిన్న విషయం కాదు.

పోలిక కాదు.. పని ముఖ్యం

మాంసానికి బదులు అనగానే చాలామంది మాంసంలా కనిపించేవాటిని, మాంసంలా నమలడానికి వీలయ్యేవాటిని వెతుకుతారు. పచ్చి పనసకాయ, పుట్టగొడుగులు, వంకాయ ఈ కోవలోకి వస్తాయి. మసాలా పట్టిస్తే ఇవి రుచిలో మాంసాన్ని తలపిస్తాయి. అయితే పచ్చి పనసకాయలో వంద గ్రాములకు మాంసకృత్తులు సుమారు రెండున్నర గ్రాములే. పుట్టగొడుగుల్లోనూ మూడు గ్రాములకు అటూఇటుగానే ఉంటాయి. ఇవి మంచి కూరగాయలే తప్ప మాంసం చేసే పని చేయలేవు.

ఆ పని చేయగలిగేవి పప్పుధాన్యాలు. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు, ఉలవల్లో 22, పెసల్లో 24, అలసందల్లో 24, శనగల్లో 17 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. వేరుశనగలో 25 గ్రాములు, సోయా చిక్కుడులో 43 గ్రాములు లభిస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇవి ఎండు గింజల లెక్కలు. ఉడికితే గింజ నీరు పీల్చి రెండింతలకు పైగా బరువెక్కుతుంది. కనుక గరిటెడు పలుచటి పప్పుచారు పోసుకుని మాంసానికి సమానమనుకోరాదు. వంద గ్రాముల పచ్చి మాంసంలో ఉండే సుమారు 20 గ్రాముల మాంసకృత్తులకు సరితూగాలంటే 85 నుంచి 90 గ్రాముల ఎండు పప్పు రోజు మొత్తంలో తినాలి. జాతీయ పోషకాహార సంస్థ సైతం రోజుకు 2,000 కిలో క్యాలరీల ఆహారం తీసుకునేవారికి సుమారు 85 గ్రాముల పప్పుధాన్యాలను సూచిస్తోంది.

మాంసంలో లేని పీచు కూడా వీటిలో పుష్కలం. శుద్ధి చేయని వృక్షాహారాన్ని, అంటే హోల్‌ఫుడ్ ప్లాంట్ బేస్డ్ డైట్‌ను పాటించేవారు గింజను గింజగానే తినాలని చెప్పడంలోని ఆంతర్యం ఇదే. మాంసం, గుడ్లు, పాలతో పాటు మిల్లు నూనె, చక్కెర, మైదా వంటి శుద్ధి చేసిన పదార్థాలను కూడా ఈ పద్ధతిలో పక్కన పెడతారు. తెలుగు ఇళ్లకు ఇది పూర్తిగా కొత్తదేమీ కాదు. ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని వంటలను పుస్తకాలు, టీవీ కార్యక్రమాల ద్వారా ఏళ్ల తరబడి ప్రచారం చేశారు.

మీల్ మేకర్ మంచిదేనా?

మాంసానికి బదులనగానే కిరాణా కొట్టులో మొదట చేతికిచ్చేది మీల్ మేకర్. సోయా గింజల నుంచి నూనె తీయగా మిగిలిన పిండిని యంత్రాల్లో అధిక వేడి, ఒత్తిడితో ఉబ్బించి దీన్ని తయారు చేస్తారు. వంద గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 52 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుప్పెడు, అంటే 30 గ్రాములు వండుకుంటే 15 గ్రాములు అందుతాయి. ఆ మేరకు ఇది మేలైనదే. అయితే ఇది శుద్ధి చేసిన పదార్థమే గానీ గింజ కాదు. పైగా స్పాంజిలా నూనెను పీల్చుకుంటుంది. నూనెలో వేయించిన మీల్ మేకర్ తిని మాంసం మానామని సంతృప్తి పడితే ఆరోగ్యపరంగా ఒరిగేది స్వల్పమే. వారానికి ఒకటి రెండుసార్లకు పరిమితం చేసి, వేడి నీటిలో పది నిమిషాలు నానబెట్టి, రెండుసార్లు పిండి, నేరుగా పులుసులో ఉడికించుకోవడం మేలు.

నగరాల్లో దొరుకుతున్న 'మొక్కల మాంసం' ప్యాకెట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిలో వేరుచేసిన మాంసకృత్తుల పొడులతో పాటు నూనె, ఉప్పు, రుచికారకాలు కలిపి ఉంటాయి. ప్యాకెట్ వెనుక ముద్రించిన పదార్థాల జాబితాలో ఏది ముందుంటే దాని పరిమాణం ఎక్కువని అర్థం. ఆ జాబితాను, ఉప్పు శాతాన్ని చదివి కొనాలి. ఆకుపచ్చ చుక్క శాకాహారాన్ని మాత్రమే సూచిస్తుంది. అందులో పాల పదార్థాలు ఉండవచ్చు. పాలు కూడా లేనివాటికి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో ప్రత్యేక నిబంధనలు, వేరే గుర్తు తెచ్చింది. పన్నీరు పాల పదార్థమే కనుక వృక్షాహారం కిందకు రాదు.

చేలో పండేదే చాలు

గుంటూరు సమీపంలోని లాం వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ఎల్‌ఆర్‌జీ-30 కంది రకానికి 'పల్నాడు' అన్న పేరే స్థిరపడింది. ఊరి పేరు మోసే పంటను బస్తాల కొద్దీ మార్కెట్‌కు తోలి, అంగట్లో ప్యాకెట్ కొనుక్కుని తినడం విడ్డూరం. ఇంటి ఖర్చుకు ఏడాదికి సరిపడా కందులు, అలసందలు, ఉలవలు మిగుల్చుకుంటే మాంసానికి బదులు ఇంట్లోనే ఉన్నట్లు.

వరిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది ఎక్కువ. పప్పుల్లో తక్కువగా ఉండే మిథియోనిన్ వరిలో, జొన్నలో లభిస్తుంది. అందుకే మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు కలిపి తింటే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో పేర్కొంది. అరవై కిలోల మనిషికి ఇది 50 గ్రాములు. 300 గ్రాముల బియ్యం ద్వారా సుమారు 20, 85 గ్రాముల కందిపప్పు ద్వారా 19, గుప్పెడు వేరుశనగ ద్వారా 7 గ్రాములు వస్తాయి. మిగిలిన కొద్దిపాటిని ఆకుకూరలు, కూరగాయలు భర్తీ చేస్తాయి.

ఇలా వండుకోవచ్చు

గోంగూర శనగలు: గోంగూర మాంసానికి బదులు ఇది. శనగలను ఎనిమిది గంటలు నానబెట్టి కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. మందపాటి గిన్నెలో ఉల్లిపాయ ముక్కలు వేసి, నూనెకు బదులు అప్పుడప్పుడు చెంచాడు నీళ్లు చల్లుతూ ఎర్రగా మగ్గనివ్వాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం వేసి, గోంగూర కలిపి, ఉడికిన శనగలు చేర్చాలి. దోరగా వేయించి దంచిన ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాల పొడి చివర్లో వేస్తే మాంసం కూర ఘుమఘుమే వస్తుంది. మాంసం కూర రుచిలో సగానికి పైగా మసాలాదేనని వండేవారికి తెలుసు. చింతచిగురు దొరికే రోజుల్లో ఇదే పద్ధతిలో అలసందలు వండుకోవచ్చు.

పప్పుండల పులుసు: ఖైమా ఉండలకు బదులు ఇది. శనగపప్పు, కందిపప్పు సమపాళ్లలో మూడు గంటలు నానబెట్టి, నీళ్లు పోయకుండా బరకగా రుబ్బాలి. సన్నగా తరిగిన ఉల్లి, తోటకూర, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి ఉండలు చేసి ఇడ్లీ పళ్లేల్లో పావుగంట ఆవిరిపై ఉడికించాలి. వీటిని టమోటా, చింతపండు పులుసులో వేసి ఐదు నిమిషాలు మరగనివ్వాలి. చిక్కదనానికి రెండు చెంచాల వేయించిన నువ్వులు లేదా వేరుశనగ ముద్ద చాలు.

సోయా జున్ను: పావు కిలో సోయా గింజలను రాత్రంతా నానబెట్టి, రెండు లీటర్ల నీటితో రుబ్బి వడగట్టాలి. ఆ పాలను పది నిమిషాలు బాగా మరిగించి, దించి, నీళ్లలో కలిపిన నిమ్మరసం పోస్తే విరుగుతాయి. గుడ్డలో కట్టి బరువు పెడితే ముక్కలు కోయడానికి వీలయ్యే టోఫు సిద్ధం. మిగిలిన పిప్పిని జొన్నరొట్టె పిండిలో కలుపుకోవచ్చు. సోయాను పచ్చిగా తినరాదు. జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు బాగా ఉడికితేనే నశిస్తాయి.

కోతలకు వెళ్లేవారికి క్యారేజీలో గుగ్గిళ్లను మించింది లేదు. ఉడికించిన శనగలు, అలసందలకు ఉల్లి ముక్కలు చేర్చి, తినే ముందు నిమ్మకాయ పిండుకోవాలి. నిమ్మలోని సి విటమిన్ గింజల్లోని ఇనుము ఒంటికి పట్టేందుకు తోడ్పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా అందదు. కనీసం గంట ఆగడం మంచిది.

వేసవిలో మరో జాగ్రత్త అవసరం. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో రెంటచింతల ఒకటి. ఈ వేడికి నానిన గింజలు త్వరగా పులుస్తాయి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. వాసన వచ్చిన మొలకలను పారేయాలి. ఉదయం వండిన గుగ్గిళ్లు మధ్యాహ్నం దాటనివ్వరాదు. పొలం గట్లపై మొలిచిన పుట్టగొడుగుల్లో విషపూరితమైనవీ ఉంటాయి కనుక పెంచి అమ్మేవాటినే కొనాలి.

ఎవరు జాగ్రత్తపడాలి?

పప్పుధాన్యాలు భర్తీ చేయలేనిది ఒకటుంది. అది బి12 విటమిన్. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో ఇది నమ్మదగినంతగా లభించదు. శరీరంలో నిల్వ ఉంటుంది గనుక కార్తీకంలోనో, తపస్సు కాలంలోనో కొద్ది వారాలు మాంసం మానితే ఇబ్బంది లేదు. మాంసం, గుడ్లు, పాలు శాశ్వతంగా మానేవారు మాత్రం వైద్యుల సలహాతో బి12 మాత్రలు తప్పనిసరిగా వాడాలి. నీరసం, కాళ్లు చేతుల్లో తిమ్మిర్లు, మతిమరుపు దీని లోపానికి సూచనలు కావచ్చు.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పుల మోతాదును వైద్యుడిని అడిగే నిర్ణయించుకోవాలి. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు సోయాకు, మాత్రకు మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లల విషయంలో పెద్దల నియమాన్ని యథాతథంగా రుద్దడం తగదు. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే కోడిగుడ్డును పిల్లల చేత మాన్పించదలచిన తల్లిదండ్రులు, దాని స్థానంలో ఏం పెడతారో ముందే నిర్ణయించుకోవాలి.

మాంసం మానడం ఎవరి విశ్వాసం, ఎవరి అవసరం వారిది. ఏ కారణంతో మానినా శరీరానికి కావలసిన లెక్క మారదు. రోజుకు రెండు పూటలా పలుచటి చారు కాక గట్టి పప్పో, గింజల కూరో ఉందా, గుప్పెడు వేరుశనగ ఉందా, నిమ్మకాయ ఉందా అని చూసుకుంటే చాలు.