తమ్ముడికి స్నోబోర్డ్ నేర్పేటప్పుడు

చలికాలం సెలవులు రాగానే మన కొలరాడో పిల్లల మనసంతా కొండల మీదే ఉంటుంది. కాస్త నేర్చుకున్న అక్కలు, అన్నలు చిన్నవాళ్లను తామే తీసుకెళ్తామంటారు. మా ఇంట్లోనూ అంతే. మంచు ఎరగని ఊళ్ల నుంచి వచ్చిన మేము, అక్క ఉంది కదా అని ధీమాగా పంపాం. పదహారేళ్ల అక్క మొదటిరోజే పదేళ్ల తమ్ముణ్ణి చెయిర్ లిఫ్ట్ ఎక్కించింది. మధ్యాహ్నానికి వాడి మణికట్టు విరిగింది. ఎముక కొన్ని వారాల్లో అతుక్కుంది. "అక్కతో ఎక్కడికీ వెళ్లను" అన్న మాట పోవడానికి మాత్రం ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో మేము తెలుసుకున్నవి మన కుటుంబాలకు పనికొస్తాయని రాస్తున్నాం.

పాఠం ఇంట్లోనే మొదలుపెట్టాలి. సాక్సులతో నున్నటి నేల మీద జారమంటే ఏ కాలు ముందుకు వస్తుందో తెలుస్తుంది. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలైతే గూఫీ. రెండూ సరైనవే. అక్కది రెగ్యులర్ అని తమ్ముడికీ అలాగే బిగించకూడదు.

పడటం కూడా నేర్పాలి. పడేటప్పుడు అరచేయి ఆనిస్తారు కాబట్టే కొత్తవాళ్లకు మణికట్టు దెబ్బలు ఎక్కువ. పిడికిలి బిగించి, ముందుకైతే మోకాళ్లు, ముంజేతుల మీద పడాలి. వెనక్కైతే గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నట్టు పడాలి. హెల్మెట్, రిస్ట్ గార్డులు తప్పనిసరి. జీన్స్ తడిసిపోతాయి, వద్దు. ఎత్తైన చోట ఎండ తీవ్రం కాబట్టి సన్‌స్క్రీన్, మంచినీళ్లు మరవద్దు.

కొండ దగ్గర మొదటిరోజు మ్యాజిక్ కార్పెట్ దాటవద్దు. ముందు ఒక కాలు మాత్రమే బిగించి చదును మీద నడిపించాలి. తర్వాత రెండు కాళ్లూ బిగించి, బోర్డును వాలుకు అడ్డంగా పెట్టి, మడమల వైపు అంచు మీద మెల్లగా జారనివ్వాలి. నేర్పేవాళ్లు తమ బోర్డు పక్కన పెట్టి, దిగువన ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకోవాలి. కాలివేళ్లు పైకి లేపితే బోర్డు ఆగుతుంది, కొద్దిగా దించితే జారుతుంది. మరీ దించితే దిగువ అంచు మంచులో గుచ్చుకుని మనిషిని ముందుకు విసిరేస్తుంది. అది పట్టుబడ్డాక, రాలే ఆకులా అటూ ఇటూ ఊగుతూ దిగడం, ఆపైన వేళ్ల వైపు అంచు, చివరికి మలుపులు.

లిఫ్ట్ ఎక్కే రోజున గ్రీన్ సర్కిల్ గుర్తున్న వాలులే ఎంచుకోవాలి. వెనక కాలు విప్పి ఎక్కాలి. దిగువన ఉన్నవారిని తప్పించుకుని వెళ్లే బాధ్యత పైనుంచి వచ్చేవారిదే.

ఈ ఆట పుట్టిందే ఇంటి పిల్లల కోసం. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే తండ్రి తన కూతుళ్ల కోసం రెండు స్కీలను కలిపి బిగించి 'స్నర్ఫర్' తయారుచేశారు. నేటి స్నోబోర్డ్‌కు అదే నాంది.

ఈసారి అక్క రెండు రోజులు కార్పెట్ దగ్గరే ఓపిగ్గా నిలబడింది. మూడోరోజు తమ్ముడే అడిగాడు, "అక్కా, లిఫ్ట్ ఎక్కుదామా?" అని. ఆ ప్రశ్న చిన్నవాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఆగమనే పెద్ద పిల్లలకు మా సలహా.